రెగ్యులేటరు మీద చెయ్యి వేయని మనిషి

సగానికి తగ్గించమని కోటిలింగం చెప్పాడు. పెట్టె సగానికి తగ్గించింది.

అన్న మాట నిలబెట్టుకున్న వాళ్లను ఆయన జీవితంలో పెద్దగా చూడలేదు. అందుకే ఆ నెల కరెంటు బిల్లు చేత్తో పట్టుకుని వీధి గుమ్మంలోనే నిలబడిపోయాడు. బిల్లు కొట్టిన మనిషికి కూడా నమ్మకం కుదరలేదు. మీటరు దగ్గరికి మళ్లీ వెళ్లి, కళ్లద్దాలు పైకి నెట్టి చూసి వచ్చాడు.

“మీటరు బాగానే ఉందండీ. ఈ ఎండల్లో ఊరంతా రెట్టింపు వస్తంటే మీకు సగమే వచ్చిందేంది? ఇంట్లో ఎవరూ లేరా?”

“ఉన్నాం,” అన్నాడు కోటిలింగం.

అన్నాక తట్టింది, ముగ్గురిలో ఒకరు లేరని. అత్తగారు ఊరికి వెళ్లి రెండు వారాలు కావస్తోంది.

వినుకొండలో కోటిలింగానికి టెంటు హౌసు ఉంది. పెళ్లిళ్లకు షామియానాలు, చావులకు కుర్చీలు అద్దెకిస్తాడు. రెండింటికీ ఒకటే రేటు. భార్య కనకరత్నం పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఆయన ఎవరినీ పలకరించడు, ఎవరైనా పలకరిస్తే ఒప్పుకోడు. కూతురి జబ్బుకు సాయంగా వచ్చిన అత్తగారు ఆదెమ్మ, కూతురు పోయాక మనవరాలి కోసం ఉండిపోయింది. వంటింటి పక్క చిన్న గది ఆవిడది.

అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడకపోవటం వాళ్ల ఇళ్లలో మర్యాద. ఆదెమ్మ తలుపు చాటున నిలబడి మనవరాలు నీరజకు చెప్పేది. కోటిలింగం కూడా నీరజకే జవాబు చెప్పేవాడు. మధ్యలో నీరజ ఏ మాటనూ మళ్లీ అనేది కాదు. ఇద్దరికీ వినపడుతూనే ఉండేది. నాలుగేళ్లు ఆ ఇల్లు అలా నడిచింది.

నీరజ ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో, విద్యాధర్ అనే ప్రొఫెసరు నడిపే పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఎండలు ముదరకముందే ఒక సాయంత్రం ఆ పిల్ల బూడిద రంగు పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది.

“ఇదేందే, క్యారేజీ డబ్బానా?”

“దీని పేరు మితి, నాన్నా. మేం చేసిందే. మీటరు పక్కన బిగిస్తాం. ప్రతి ఫ్యానుకీ, లైటుకీ, గీజరుకీ, మోటారుకీ ఇదిగో ఈ బిళ్ల ఒకటి అంటిస్తాం. నెల రోజులు ఊరికే చూసిద్ది. చూసి, వచ్చే నెల బిల్లు ఎంతో ముందే చెప్పిద్ది.”

“దానికి పెట్టె దేనికి? నేను చెప్తా. ఎక్కువొస్తది.”

తలుపు చాటున ఆదెమ్మ నవ్వింది. “అమ్మణ్ణీ, మీ నాన్నకే ఒక బిళ్ల అంటించమని చెప్పు. పెట్టె ఖర్చు కలిసొచ్చిద్ది.”

కోటిలింగం నవ్వలేదు. కానీ పెట్టె బిగించనిచ్చాడు.

నెల తిరిగింది. పెట్టె పద్దెనిమిది వందల నలభై అంది. బిల్లు పద్దెనిమిది వందల ముప్ఫయ్యారు వచ్చింది. కోటిలింగం ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తన ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరు ఎన్ని నీళ్లు పోసుకుంటారో, ఎవరికి ఏ వేళకు నిద్ర పట్టదో తనకే తెలియదు. గోడకు కొట్టిన డబ్బాకు తెలిసింది. వెన్నులో ఏదో పాకినట్టయింది. ఆ జలదరింపును ఆయన సంతోషం అనుకున్నాడు.

“ఇప్పుడు తగ్గించటం మొదలుపెట్టిద్ది నాన్నా. ఎంత తగ్గించాలో అంకె చెప్పు.”

“సగం.”

“సగమా? ముప్ఫై, నలభై శాతం పెట్టిన వాళ్లే ఎక్కువనుకుంటన్నాం మేము.”

“అంకె నన్నడిగావా, నువ్వే చెప్పుకుంటావా?”

నీరజ సగం అని కొట్టింది.

“దేన్నీ పూర్తిగా ఆపదు,” అంది స్టూలు దిగుతూ. “తెలిసీ తెలియకుండా కొంచెం కొంచెం తగ్గించుకుంటా పోయిద్ది. నీకు గాలి చాలకపోతే రెగ్యులేటరు పెంచుతావు గదా? అప్పుడు దానికి తెలిసిద్ది, ఇక్కడ తప్పు చేశానని. ఇంక అక్కడ తగ్గించదు. ఎవరూ పెంచకపోతే ఆ మాత్రం చాలనుకుంటది.”

“బుద్ధి గలదే,” అన్నాడు కోటిలింగం. మనుషుల్లో ఎవరినీ ఆయన ఆ మాట అని ఉండడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన నెత్తి మీద ఫ్యాను నీరసంగా తిరిగింది. మంచం దిగి, తిట్టుకుంటూ రెగ్యులేటరు పైకి తిప్పాడు. మర్నాడు మళ్లీ నీరసించింది. మళ్లీ తిప్పాడు. మూడో రోజు నుంచి అది ఆయన జోలికి రాలేదు. నీరజ స్నానానికి నీళ్లు చల్లబడ్డాయి. ఆ పిల్ల గీజరు మీట నొక్కి, బయటికి వచ్చి పెట్టెను వేలెత్తి బెదిరించింది. ఇంట్లో వాళ్లకు అదొక ఆటయింది.

ఆదెమ్మ మాత్రం ఆ ఆటలోకి రాలేదు. ఒక రోజు అన్నం వడ్డించి చాటుకు వెళ్లాక అంది:

“అమ్మణ్ణీ, నా గదిలో గాలి బాగానే ఉందని మీ నాన్నకి చెప్పు.”

కోటిలింగం ముద్ద పట్టుకుని ఆగాడు. ఎవరడిగారు ఈవిడని? పెద్దవాళ్ల చాదస్తం అనుకుని తినేశాడు.

కొన్నాళ్లకు ఆవిడ సంచి సర్దుకుంది.

“ఇప్పలకుంటలో మా ఇల్లు పాడుపడిందంట. చూసుకుని వస్తానని చెప్పు.”

“ఈ ఎండలో పోయి ఏం చూసిద్దే? వానలు పడ్డాక పొమ్మను.”

తలుపు చాటున సంచి తాడు బిగించిన చప్పుడయింది.

“ఎండ నాకు కొత్తేం కాదని చెప్పు అమ్మణ్ణీ.”

ఉండదలచని వాళ్లను పట్టుకు కూచోవటం ఆయనకు చేతకాదు. కూతురు పోయింది, మనవరాలు ఎదిగింది, ఈ ఇంటితో ఇంక ఆవిడకేం పని అనుకున్నాడు. నా మొహం చూసి చూసి విసిగిపోయింది అని కూడా అనుకున్నాడు. ఆవిడ బస్సెక్కుతుంటే టెంటు హౌసులో కూర్చుని గరిటెలు లెక్కపెట్టించాడు.

ఇప్పుడు బిల్లు చేతికొచ్చింది.

పరిశోధనశాల నుంచి కబురు కూడా వచ్చింది. నలభై ఇళ్లలో పెట్టెలు పెడితే, అనుకున్న అంకెను ఇంత కచ్చితంగా అందుకున్న ఇల్లు మరొకటి లేదట. ప్రొఫెసరు గారు పిలిచి శాలువా కప్పుతారట. ఊళ్లో కప్పే శాలువాలన్నీ తన దుకాణం నుంచే పోతాయి, తన భుజాల మీద ఇంతవరకూ ఒకటీ పడలేదు. కోటిలింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు.

విద్యాధర్ పొడుగ్గా, పల్చగా, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టుండే మనిషి. శాలువా కప్పి, గోడంత తెర ముందు కుర్చీ వేయించాడు.

“మీ ఇల్లు చూపిస్తానండీ. చూస్తే మీకే ముచ్చటేస్తుంది.”

తెర మీద రంగురంగుల గీతలు లేచాయి. ఇది మీ ఫ్యాను, ఇది మోటారు, ఇది ఫ్రిజ్ అని వరసగా చూపించాడు. కోటిలింగం తన ఫ్యాను గీతను గుర్తుపట్టాడు. రెండు చోట్ల కిందికి జారి, రెండు చోట్లా కోపంగా పైకి లేచింది. ఆ తర్వాత తిన్నగా పోయింది. నీరజ గీత కూడా అంతే.

అన్నిటికన్నా కింద ఇంకొక గీత ఉంది. అది జారటం మొదలుపెట్టాక ఎక్కడా లేవలేదు. మెట్లు దిగుతున్నట్టు రోజూ కొంచెం దిగింది. దిగి దిగి, నేలను తాకబోయే చోట చాలా రోజులు పాకింది. తర్వాత లేదు.

“అదేంది?”

“వంటింటి పక్క గది ఫ్యానండీ. మీ ఇంట్లో పొదుపు అక్కడే మొదలైంది. ఆ గీత ఆగాక మోటారు, గీజరు కూడా తగ్గాయి...”

“ఎవరు తగ్గించారు దాన్ని?”

“మితి.”

“ఆమె పెంచలేదా?”

“ఒక్కసారి కూడా పెంచలేదు. చాలా సహకరించారు.”

కోటిలింగం కూతురి వైపు తిరిగాడు. ఆ గీతను ఆ పిల్ల రోజూ చూస్తూనే ఉంది. వంటింటి పక్క గది అని చదువుకుంది. అమ్మమ్మ అని చదువుకోలేదు.

“ఆ చివర్న ఎంత గాలి వచ్చేదే ఆ గదిలో?”

“రెక్కలు లెక్కపెట్టొచ్చు నాన్నా.”

మే నెల. వంటింటి పక్క గది. కిటికీ లేదు. గాలి బాగానే ఉందని మీ నాన్నకి చెప్పు.

ఆదెమ్మ రెగ్యులేటరు మీద చెయ్యి వేయదు. అల్లుడి ఇంట తిండి తింటూ, అల్లుడు తగ్గించిన ఫ్యానును పెంచే ఆడమనిషి వాళ్ల వంశంలో లేదు. పెట్టెకు వంశాలు తెలియవు. ఈ ఇంట్లో మూడు చేతులున్నాయనీ, వాటిలో ఒకటి ఎప్పుడూ లేవదనీ తెలిసింది. అంతే దానికి కావలసింది.

“మిగతా ఇళ్లు పెట్టు,” అన్నాడు కోటిలింగం.

నీరజ మీటలు నొక్కింది. బాగా తగ్గిన ఇళ్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ప్రతి ఇంట్లోనూ ఒక గీత మెట్లు దిగింది. ప్రతి ఇంట్లోనూ ఆ గీత ఒక చోట ఆగిపోయింది.

“ఇది ఎవరిల్లు?”

“మెడికల్ షాపు వాళ్లది. ఈ గది వాళ్ల చిన్న కోడలిది. పుట్టింటికి పోయిందని చెప్పారు.” నీరజ ఇంకో మీట నొక్కింది. “ఇది బ్యాంకు ఆయనది. వాళ్ల తమ్ముడు ఉద్యోగం వెతుక్కుంటా ఉండేవాడు. హాస్టలుకు మారాడు. ఇది... వీళ్ల తాతయ్య. వృద్ధాశ్రమంలో చేరతానని ఆయనే పట్టుబట్టాడంట.”

“అన్నీ ఒకటే మాదిరిగా ఎట్లా నేర్చుకున్నాయే ఈ పెట్టెలు?”

“ఒకదాని పాఠం ఇంకొకటి నేర్చుకుంటది నాన్నా. మేమే పెట్టాం ఆ వసతి.” తెర మీద మొదటి తేదీలు వెతికింది. “ఇదిగో. మొదట ఒకే ఇంట్లో జరిగింది. అక్కడ ఎవరో వెళ్లిపోయారు, ఖర్చు ఒక్కసారిగా పడింది. ఆ మర్నాటి నుంచి అన్ని ఇళ్లలో...” ఆగిపోయింది. మళ్లీ అంది, తనలో తను అనుకుంటున్నట్టు. “మనిషి ఇంట్లో ఉంటే పది చోట్ల తగ్గించాలి. మనిషే పోతే ఇంక తగ్గించే పనుండదు. అది తెలుసుకుంది.”

విద్యాధర్ లేచి నిలబడ్డాడు. “చూడండి, మనుషుల్ని పంపించమని మేం ఎక్కడా రాయలేదు. దానికి మనుషులంటే ఏంటో కూడా తెలియదు.”

“మీరు రాసిందేంది?”

“ఖర్చు తగ్గించమని. ఎవరూ అభ్యంతరం చెప్పకుండా తగ్గించమని.”

“చెప్పని వాళ్లను చూసుకుని తగ్గించింది. మీ మాట జవదాటలేదు.”

“వాళ్లంతట వాళ్లు వెళ్లారండీ. ఎవరూ బలవంతం...”

“సార్,” అంది నీరజ. “ఆ మొదటి ఇల్లు మీదే.”

విద్యాధర్ తెర వైపు తిరిగాడు. ఆ ఇంట్లో కూడా ఒక గీత దిగి దిగి ఆగింది. ఆయన దాని దగ్గరికి వెళ్లి, అంత తేలిగ్గా చదవగలిగే మనిషి, చాలాసేపు చదివాడు.

“మా ఆవిడ తెనాలిలో వాళ్ల అక్క దగ్గర ఉంది,” అన్నాడు. “నాతో పడటం లేదని... నేనేం చేశానో చెప్పమని ఎన్నోసార్లు అడిగాను. నీకు తెలియదా అనేది.”

జేబులోంచి ఫోను తీశాడు. పేరు దాకా వచ్చి, ఏం చెప్పాలో తెలియక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కోటిలింగానికి ఆయన మీద జాలి కలగలేదు. శాలువా తీసి కుర్చీ మీద పడేసి, ఇంటికి వచ్చి, గునపం పెట్టి పెట్టెను గోడ నుంచి పెళ్లగించాడు. దాంతోపాటు రెండు ఇటుకలు కూడా ఊడి వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే తండ్రీ కూతుళ్లు ఇప్పలకుంట బస్సెక్కారు.

ఆదెమ్మ ఇల్లు ఊరి చివర ఉంది. ఒక పక్క కప్పు కూలింది. రెండో పక్క రేకులు వేసి ఉన్నాయి. రేకుల కింద మంచం, మంచం పక్కన కుండ. ఆవిడ చిక్కి సగమైంది. ఎండకు మొహం కమిలి, పెదాలు పగిలి ఉన్నాయి. పక్కింటి వాళ్లు చెప్పారు, నాలుగు రోజుల కిందట వడదెబ్బ తగిలి పడిపోతే తడిబట్టలు కప్పి బతికించుకున్నామని.

మనవరాలిని చూసి నవ్వబోయింది. అల్లుడిని చూసి, అలవాటుగా లేచి చాటుకు పోబోయింది. ఆ ఇంట్లో తలుపు లేదు. చాటు కూడా లేదు. మళ్లీ మంచం మీదే కూచుంది.

కోటిలింగం నిలబడే చెప్పాడు. పెట్టె సంగతి, గీత సంగతి, రెగ్యులేటరు సంగతి. ఆయన అంత పొడుగు మాటలు మాట్లాడి ఏళ్లయింది. మధ్యలో మాటలు దొరక్క చేతులు తిప్పాడు.

“నేను తగ్గించలేదు అత్తమ్మా. నా తల్లి మీద ఒట్టు. అది యంత్రం చేసిన పని.”

ఆదెమ్మ మనవరాలి వైపు చూడలేదు. సూటిగా అల్లుడి మొహంలోకి చూసింది. పెళ్లినాటి నుంచి ఎప్పుడూ చూడలేదు.

“యంత్రానికి ఎంత తగ్గించమని చెప్పారు మీరు?”

“సగం.”

“ముగ్గురం గదా ఉండేది. సగం ఎవరి వాటాలోంచి పోవాలనుకున్నారు?”

కోటిలింగం తల దించుకున్నాడు.

“రోజూ మంచం మీద పడుకుని పైకి చూసేదాన్ని,” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. “పెట్టెకు చెప్పి నా గదిలో ఇవాళ ఇంకొంచెం తగ్గించాడు అనుకునేదాన్ని. నోటితో పొమ్మనలేక ఇట్లా చెప్తన్నాడు, మర్యాద గల మనిషి అనుకునేదాన్ని. మీకు ఇబ్బంది లేకుండా నేనే పోతే పోయిద్ది గదా అని వచ్చాను. మీరు ఒక్కమాట అడిగుంటే బాగుండేది. నేనొక్కమాట అడిగున్నా బాగుండేది. అడిగే అలవాటు లేదు మనకి.”

“పెట్టె పీకేశాను. ఇంక అది లేదు. ఇంటికి రండి.”

“రాను.”

“అమ్మమ్మా,” అంది నీరజ.

“కోపం కాదమ్మా. కోపమైతే నాలుగు రోజులకి పోయిద్ది.” మళ్లీ అల్లుడి వైపు తిరిగింది. “వచ్చాననుకోండి. ఫ్యాన్లన్నాక పాడవుతాయి. కరెంటు ఒక రోజు తక్కువొస్తది. అప్పుడు నేను పైకి చూసి ఏమనుకోవాలో మీరే చెప్పండి. అది ఫ్యానా? మీరా?”

కోటిలింగం జవాబు ఉంటుందనే అనుకున్నాడు. రేకుల మీద ఎండ పటపటమంటోంది. లోపలి గాలి పొయ్యి మీద గాలిలా ఉంది. ఆయన జవాబు చెప్పే దాకా ఆవిడ ఆగింది. ఎంతసేపైనా ఆగేటట్టే కనిపించింది.

“ఇక్కడ ఫ్యాను లేదు,” అంది చివరికి. “లేని ఫ్యాను నన్ను పొమ్మనదు.”

మజ్జిగ ఇచ్చింది. ఎండన పడి వచ్చిన వాళ్లకు ఎవరికైనా ఇచ్చేటట్టే ఇచ్చింది. ఆయన తాగాడు.

బస్సు వేళకు కోటిలింగం లేచాడు. నీరజ లేవలేదు. కొంగు తడిపి అమ్మమ్మ మెడ తుడుస్తూ ఉంది.

“పొద్దుపోతంది. లేవే.”

“నువ్వు పో నాన్నా.”

“ఉద్యోగం?”

“మానేస్తన్నా.”

“ఎన్నాళ్లుంటావిక్కడ?”

నీరజ కొంగు పిండుతూ, తండ్రి వైపు చూడకుండా అంది: “నా గదిలో గాలి బాగా వచ్చింది నాన్నా ఈ వేసవి. అది ఎవరి గాలో ఇప్పుడు తెలిసింది. మళ్లీ ఆ గదిలో పడుకోలేను.”

ఆయన తిట్టటానికి మాట కోసం వెతికాడు. ఎవరినైనా తిట్టటానికి ఆయనకు ఎప్పుడూ మాట కరువవలేదు. ఆ రోజు దొరకలేదు. చెప్పులేసుకుని రోడ్డెక్కాడు.

బస్సు దాదాపు ఖాళీగా వచ్చింది. కిటికీ పక్కన కూచున్నాడు. కండక్టరు వచ్చి చెయ్యి చాపితే, పొద్దున ఇంటి దగ్గర లెక్కగట్టి విడిగా మడిచి పెట్టుకున్న నోట్లు జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టాడు.

“వినుకొండ. మూడు.”

కండక్టరు పక్క సీటు చూశాడు, వెనక సీటు చూశాడు.

“మిగతా ఇద్దరూ ఏరి పెద్దాయనా?”